కొత్త హ్యాండ్‌హెల్డ్ కొనాలా, పాతదే నడిపించాలా? లక్ష పెట్టేంత తేడా ఉందా?

ఖమ్మంబస్సు · శనివారం రాత్రి 10:42

అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు.

నా దగ్గర 2023 నాటి విండోస్ హ్యాండ్‌హెల్డ్, అదే చేత్తో పట్టుకుని ఆటలాడే కంప్యూటర్, ఉంది. 7 అంగుళాల స్క్రీన్, జెడ్1 ఎక్స్‌ట్రీమ్ చిప్పు, 16 జీబీ ర్యామ్, 40 వాట్-అవర్ బ్యాటరీ. ఏ కంపెనీదో రాయను. రాస్తే నా ప్రశ్న పక్కకి పోయి కంపెనీల గొడవ మొదలవుతుంది. ఉద్యోగం గచ్చిబౌలిలో, పీజీ కూకట్‌పల్లిలో, నెలకు రెండుసార్లు ఖమ్మం. నేను ఆడేది ఎక్కువగా ఆ బస్సులోనే. ఎల్బీ నగర్ దాటాక మొదలుపెడితే నార్కట్‌పల్లికి ఎర్ర గీత, నకిరేకల్‌కి చీకటి. మిగతా దారంతా కిటికీలోంచి బయటికి చూడటమే.

ఇప్పుడు బోనస్ పడింది. జెడ్2 ఎక్స్‌ట్రీమ్ వేసిన కొత్త యంత్రాలు లక్ష దాటాయి. నిజంగా అంత మెరుగయ్యాయా, లేక పేరు మార్చి పాతదే అమ్ముతున్నారా? నాన్నకి ధర చెప్తే, “ఆ పైసలకు బర్రె వస్తది” అన్నాడు. అది కూడా లెక్కలోకి తీసుకోండి.

రాత్రిషిఫ్ట్ · రాత్రి 10:58

కొనెయ్ బ్రో, బోనస్ ఇంకెందుకు? గ్రాఫిక్స్ కంప్యూట్ యూనిట్లు నీ దాంట్లో 12, కొత్తదాంట్లో 16. ప్రాసెసర్ తరం జెన్ 4 నుంచి జెన్ 5కి పోయింది. ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్ తీసుకుంటే ర్యామ్ 24 జీబీ, బ్యాటరీ 80. ఇంతకంటే ఏం కావాలి? బర్రె పాలిస్తది గానీ ఫ్రేములు ఇవ్వదు.

లత_వైజాగ్ · రాత్రి 11:20

ఏం ఆడతావో చెప్పకుండా ఏం సలహా ఇస్తాం తమ్ముడూ?

ఖమ్మంబస్సు · రాత్రి 11:26

సారీ అక్కా. కథ ఉన్న పెద్ద ఆటలు, అవీ రెండు మూడేళ్ల తర్వాత డిస్కౌంట్‌లో పడ్డాక. చిన్న ఇండీ ఆటలు చాలా. కొంచెం క్రికెట్. ఆన్‌లైన్ షూటింగ్ ఆటలు లేవు, మా పీజీ వైఫై గురించి మాట్లాడకపోవడమే మంచిది.

వాట్లమేస్త్రి · రాత్రి 11:51

(పొద్దున పెడదామనుకున్నా గానీ రాత్రిషిఫ్ట్ పోస్టు చూశాక నిద్ర పట్టలేదు.)

తమ్ముడూ, కంప్యూట్ యూనిట్లంటే టిఫిన్ సెంటర్లో పెనాలు అనుకో. నాలుగు పెనాలుంటే రెండున్నచోటికంటే ఎక్కువ దోసెలు, అంటే సెకనుకు స్క్రీన్ మీద ఎక్కువ బొమ్మలు (ఫ్రేములు), పడతాయి, నిజమే. కానీ పిండి అందాలిగా? ఈ చిప్పుల్లో గ్రాఫిక్స్‌కి వేరే మెమరీ ఉండదు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే ర్యామ్‌లోంచి తోడుకోవాలి. ఆ గిన్నె మూతి ఎంత వెడల్పన్నదే అసలు సంగతి.

లెక్క చూడు. 2022లో వాల్వ్ కంపెనీ తెచ్చిన హ్యాండ్‌హెల్డ్ స్టీమ్ డెక్‌లో 8 యూనిట్లు, మెమరీ సెకనుకు 88 జీబీ ఇస్తుంది. అంటే పెనానికి 11. 2023 చివర్లో వచ్చిన ఓలెడ్ డెక్‌లో అవే 8 యూనిట్లు, మెమరీ 102. పెనానికి దాదాపు 13. జెడ్1 ఎక్స్‌ట్రీమ్ వేసిన మొదటి రోగ్ ఆలైలో 12 యూనిట్లు, అదే 102. పెనానికి ఎనిమిదిన్నర. ఇప్పుడు ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్‌లో 16 యూనిట్లకి 128. పెనానికి 8.

పెనాలు పెరిగాయి, పిండి ఆ లెక్కన పెరగలేదు. మధ్యలో డిజైన్ మెరుగైంది, ఉన్న పిండితోనే కాస్త ఎక్కువ దోసెలు వేయడం నేర్చుకుంది, అది కాదనను. కానీ 12 స్థానంలో 16 కనిపించిందని మూడో వంతు ఎక్కువ ఫ్రేములు వస్తాయనుకుంటే హోటల్ వాడు నవ్వుతాడు.

ఇక నీ బస్సు సంగతి. చిప్పుకి 15 వాట్లు ఇచ్చావనుకో. స్క్రీను, ర్యామ్, ఫ్యాను, స్పీకర్లు, వైఫై కలిసి ఇంకో 7, 8 లాగుతాయి. మొత్తం 23. 40ని 23తో భాగిస్తే గంటా ముప్పావు. ఎల్బీ నగర్ నుంచి నకిరేకల్! నీ యంత్రంలో లోపమేమీ లేదు, ఉన్న పెట్రోలు అంతే. టీడీపీ, అదే చిప్పుకిచ్చే వాట్లు, 10కి దించితే మొత్తం 17 దగ్గర నిలుస్తుంది. రెండు గంటల ఇరవై నిమిషాలు వస్తుంది, సూర్యాపేట దగ్గరికి చేరతావు.

మోడరేటర్ · ఆదివారం ఉదయం 5:40

వాట్లమేస్త్రి గారి పోస్టుని మన ఫిల్టర్ రాజకీయాలనుకుని రాత్రంతా పట్టి ఉంచింది. ఇప్పుడే వదిలాను. దయచేసి ‘చిప్పు పవర్ లిమిట్’ అని రాయండి. ఎన్నికలప్పుడు ఆ మాటతో ఈ ఫోరంలో ఏం జరిగిందో పాతవాళ్లకి తెలుసు.

పాతసామాను · ఉదయం 6:15

హ్యాండ్‌హెల్డ్ కంప్యూటర్లని చూసి ఆశగా తెరిచాను. అన్నీ ఆటలే. సరే, వచ్చాను కాబట్టి ఒక ముక్క చెప్పి పోతాను. నేను బ్యాంకులో రిటైరైన మనిషిని, ఊరు సామర్లకోట.

1998లో మా తోడల్లుడు అమెరికా నుంచి పామ్ త్రీ అనే అరచేతి కంప్యూటర్ తెచ్చిచ్చాడు. 16 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 2 ఎంబీ మెమరీ, అడ్డం 160 చుక్కలు, నిలువు 160 చుక్కలు, నలుపు తెలుపు. రెండు సన్న పెన్సిల్ సెల్లులు వేస్తే నెల దాకా నడిచేది. బటన్ నొక్కితే తెరుచుకునేది. లోడింగ్ అనే మాటే లేదు. గ్రాఫిటీ అని దానికో రాత ఉండేది. ‘ఏ’ అక్షరానికి మధ్య గీత వేయకూడదు, తలకిందుల ‘వి’ లాగా గీయాలి. పాతికేళ్లయింది, చెక్కు మీద సంతకం పెడితే ఇప్పటికీ నా ‘ఏ’ అలాగే వస్తుంది. ఒకసారి మా బ్రాంచి వాళ్లే సంతకం కలవలేదని వెనక్కి పంపారు.

సెల్లులు మార్చడం మాత్రం గుండె చేత్తో పట్టుకునే పని. లోపలి మెమరీకి కరెంటు పోతే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. లోపల చిన్న కెపాసిటర్ ఒక నిమిషం మోస్తుంది, అంతే. పాత సెల్లు తీసేముందే కొత్తది రేపర్ విప్పి ఎడమ చేతిలో పట్టుకుని కూర్చునేవాణ్ణి. మా ఆవిడ పిలిచినా పలికేవాణ్ణి కాదు.

రాత్రిషిఫ్ట్ · ఉదయం 7:02

సార్, గౌరవంగానే అంటున్నా. అది ఫోన్ నంబర్ల డైరీ. ఇది నిండు పీసీ. దానికీ దీనికీ పోలిక ఏముంది?

పాతసామాను · ఉదయం 7:30

ఉంది నాయనా, అది చెప్పేలోగా కాఫీ వచ్చింది.

1999లో పామ్ ఫైవ్ వచ్చింది. లోపల అదే 16 మెగాహెర్ట్జ్, అదే 2 ఎంబీ, అవే 160 చుక్కలు. కాగితం మీద చూస్తే ఎందుకు కొనాలో అర్థం కాదు. కానీ అల్యూమినియం ఒళ్లు, చొక్కా జేబులో పెడితే తెలియనంత పలచన, సెల్లులు పోయి లోపలే ఛార్జయ్యే లిథియం బ్యాటరీ. పామ్ త్రీ వాళ్లందరూ దాన్ని చూసి కుళ్లుకున్నారు, నాతో సహా. 2001లో అలాంటి పలచటి ఒంట్లోకే రంగుల తెర వచ్చింది, 65 వేల రంగులు. బయట ఎండలో బాగుండేది, గదిలో మాత్రం మసకమసకగా ఉండేది. అది చూసి ఎవరూ కుళ్లుకోలేదు.

మీ మేస్త్రి గారి లెక్కలో ఓలెడ్ డెక్‌లో అవే 8 యూనిట్లు అని చదివాక నాకు పామ్ ఫైవ్ గుర్తొచ్చింది. అందుకే రాశాను.

ఇంకో సంగతి. కరెంటు పోయినా చెరిగిపోని మెమరీ పామ్‌లోకి వచ్చింది 2004 చివర్లో. నా దృష్టిలో అన్నిట్లోకీ పెద్ద మార్పు అదే. కొన్నవాళ్లేమో కొంచెం నిదానించిందని, చోటు ఎక్కువ తింటోందని విసుక్కున్నారు. డేటా పోయినవాడికే దాని విలువ తెలుస్తుంది.

డల్లాస్‌బావ · ఉదయం 8:12

పాతసామాను గారూ, మీరు వెళ్లిపోవద్దు, ఇక్కడే ఉండండి.

నా దగ్గర రెండు డెక్‌లూ ఉన్నాయి, 2022దీ, 2023 నవంబరు ఓలెడ్‌దీ. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. చిప్పు డిజైన్ అదే, కాకపోతే 7 నానోమీటర్ల నుంచి 6కి కుదించారు. బ్యాటరీ 40 నుంచి 50 వాట్-అవర్, స్క్రీను 7 నుంచి 7.4 అంగుళాలు, 60 హెర్ట్జ్ నుంచి 90. బరువు 669 గ్రాముల నుంచి 640కి తగ్గింది. బ్యాటరీ పెంచి బరువు తగ్గించడం నాకు బాగా నచ్చింది. ఎల్‌సీడీలో రాత్రి సీన్లు బూడిద రంగులో ఉండేవి, ఇందులో నలుపు నలుపుగానే ఉంటుంది. ఒకసారి ఇది చూశాక పాతది చేతిలోకి తీసుకోబుద్ధి కావట్లేదు, తప్పో ఒప్పో.

కానీ నన్నడిగితే డెక్ గొప్పదనం 2022 దాంట్లోనే ఉంది: పవర్ బటన్. మా చిన్నదానికి అప్పుడు నాలుగు నెలలు. రాత్రి రెండింటికి పాలసీసా వేడి నీళ్లలో పెట్టి, అది వేడెక్కే మూడు నిమిషాలు ఆడేవాణ్ణి. బటన్ నొక్కితే ఎక్కడ ఆపానో అక్కడే, కత్తి గాల్లో ఉంటే గాల్లోనే. పాప ఏడిస్తే మళ్లీ బటన్. అలా మూడేసి నిమిషాల చొప్పున అరవై గంటల ఆట పూర్తి చేశా. ఎక్కువ ఫ్రేములున్న యంత్రమైతే ఇంకా బాగా ఆడేవాణ్ణా? దాన్ని తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, అప్‌డేట్‌కి ‘తర్వాత’ నొక్కేలోపు పాలు పొంగేవి.

ఒక మనవి. డెక్ ఇండియాలో అధికారికంగా అమ్మరు. ప్రతి సంక్రాంతికీ నాకు సగటున ముగ్గురు కొత్త తమ్ముళ్లు పుట్టుకొస్తారు, “బావా, బ్యాగులో చోటుందా” అంటూ. వారంటీ అక్కడిది, చెడిపోతే మళ్లీ నేనే మోయాలి. ముందే చెప్తున్నా.

రాత్రిషిఫ్ట్ · ఉదయం 8:20

బావా, బ్యాగులో చోటుందా?

డిపోడైరీ · ఉదయం 9:05

నేను బస్సు కండక్టర్‌ని. ఆటలు ఆడను, మా బాబు చదువుతుంటే పక్కన కూర్చుని చూశా. చేతిలో పట్టుకునే కంప్యూటర్ అంటే టికెట్లు కొట్టే మా టిమ్ మిషన్ కూడా అదే కదా?

పాత టిమ్‌కి బటన్లు ఉండేవి. స్టేజీ నంబరు, ఫుల్లా హాఫా, ఎంతమంది, అన్నీ బొటనవేలికే తెలుసు. కళ్లు జనం మీద, వేలు మిషన్ మీద. చీకట్లో కూడా టికెట్ కొట్టేదాన్ని. కొత్తది టచ్ స్క్రీను. ఫోన్‌పే, గూగుల్‌పే తీసుకుంటది, కార్డు తీసుకుంటది. మొదటి నెల స్క్రీన్ వైపే చూడాల్సి వచ్చి, వెనక ఎవరు ఎక్కారో తెలిసేది కాదు. అలవాటయ్యేదాకా పాతదే నయం అనుకున్నా.

ఒకరోజు పొద్దున ఫస్ట్ ట్రిప్పు, మొదటి నలుగురూ 500 నోట్లు తీశారు. ముగ్గురు స్కాన్ చేసి కట్టేశారు. ఆ రోజు నుంచి చిల్లర కోసం టికెట్ వెనక బాకీ రాసిచ్చే పని దాదాపు పోయింది. దిగేటప్పుడు “నా 40 రూపాయలు” అని గొడవ లేదు. కొత్తది మెరుగా అంటే నాకు అదే మెరుగు. బటన్లు మాత్రం ఉంచాల్సింది.

ఆ ఖమ్మం బాబుకి ఒక మాట: బస్సులో ఆడుకో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడుకో.

మోడరేటర్ · ఉదయం 9:30

టిమ్‌ల మీద చర్చ విడిగా కొత్త థ్రెడ్‌గా పెడదామనుకున్నా. అందరూ ఆ పోస్టుకే లైకులు కొడుతున్నారు కాబట్టి వదిలేస్తున్నా.

వాట్లమేస్త్రి · ఉదయం 11:10

అమ్మా, మీరు చెప్పిన బటన్ల సంగతి మా దగ్గరా ఉంది. డెక్‌లో రెండు టచ్‌ప్యాడ్‌లు ఉన్నాయి, మౌస్‌తో ఆడే ఆటలకి ప్రాణం లాంటివి. తర్వాత వచ్చిన చాలా యంత్రాల్లో అంతటి టచ్‌ప్యాడ్‌లు లేవు. తర్వాత వచ్చిందల్లా అన్నిట్లో ముందుండదు. అటు మొదటి ఆలై స్క్రీన్‌కి వీఆర్‌ఆర్ ఉంది, అంటే ఫ్రేములు ఎగుడుదిగుడుగా వచ్చినా స్క్రీనే వాటి అడుగులో అడుగేస్తుంది. దాని తర్వాత అయిదు నెలలకి వచ్చిన ఓలెడ్ డెక్‌లో అది లేదు.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. జెడ్2 అని ఉన్నవన్నీ అన్నదమ్ములనుకోకు. జెడ్2 ఎక్స్‌ట్రీమ్‌లో జెన్ 5. ఉత్త జెడ్2లో జెన్ 4, అంటే నీ జెడ్1 ఎక్స్‌ట్రీమ్ తరమే. జెడ్2 గోలో జెన్ 3 ప్లస్. జెడ్2 ఏలో జెన్ 2, నాలుగు కోర్లు, 8 గ్రాఫిక్స్ యూనిట్లు. చదివితే ఏదో గుర్తొస్తోందా? 2022 డెక్! 2025 అక్టోబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్ ఆలై మామూలు మోడల్‌లో ఉన్నది అదే. దానికి డెక్ కంటే ఎక్కువ వాట్లు ఇచ్చుకోవచ్చు, 1080పీ 120 హెర్ట్జ్ స్క్రీన్ ఉంది, బ్యాటరీ 60. పనికిరానిదని నేననను. కానీ నీ దగ్గరున్నదాన్ని అమ్మి పొరపాటున దాన్ని కొంటే చిప్పులో వెనక్కి పోయినట్టు.

సాయంత్రం మా మేనల్లుడు తన జెడ్2 ఎక్స్‌ట్రీమ్ యంత్రం తెస్తానన్నాడు. పక్కపక్కన పెట్టి చూసి రాస్తా.

లత_వైజాగ్ · మధ్యాహ్నం 1:45

మధ్యేమార్గంగా సెకండ్‌హ్యాండ్‌లో 80 వాట్-అవర్ బ్యాటరీ ఉన్న 2024 మోడళ్లు చూడొచ్చు తమ్ముడూ. రోగ్ ఆలై ఎక్స్‌లో (ఎక్స్‌బాక్స్ ఆలై ఎక్స్ వేరు) నీ జెడ్1 ఎక్స్‌ట్రీమే ఉంటుంది, బ్యాటరీ రెట్టింపు, ర్యామ్ 24 జీబీ. మొదటి ఆలైతో పోలిస్తే బరువు 608 గ్రాముల నుంచి 678కి పెరిగింది. 70 గ్రాములకి రెట్టింపు బ్యాటరీ అంటే మంచి బేరమే. అది కూడా పామ్ ఫైవ్ కథే, చిప్పు మార్చకుండా ఒళ్లు మార్చారు.

కానీ చేత్తో పట్టుకుని చూడకుండా కొనకు. నేను దెబ్బతిన్నా. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కొన్నా, ఫోటోల్లో అద్దంలా ఉంది. ఇంటికొచ్చాక వెనక అట్టకీ ముందు భాగానికీ మధ్య నా గోరు దూరింది. లోపల బ్యాటరీ అప్పడంలా ఉబ్బి ఉంది. ఆయన ఫోన్ ఎత్తలేదు. అందుకని నాలుగు వైపులా అంచు మీద గోరు నడిపించి చూడు, ఎక్కడా చీలిక ఉండకూడదు. స్టిక్‌లు వదిలేసి, స్క్రీన్ మీద పాత్ర దానంతటదే నడుస్తోందేమో చూడు. ఫుల్ వాట్లలో పావుగంట ఆడి, చెవి దగ్గర పెట్టుకుని ఫ్యాను గీరుకుంటోందేమో విను. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే, మొదట్లో ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది తెలుస్తుంది. అమ్మేవాడు అది తీయడానికి వద్దంటే, నమస్కారం పెట్టి లేచి వచ్చెయ్.

వాట్లమేస్త్రి · రాత్రి 9:40

చూశాం. మేనల్లుడి కొత్తదీ, నాది జెడ్1 ఎక్స్‌ట్రీమ్‌దీ, డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన. ఒకే ఆట, ఒకే ఊరి సంత సీను, ఒకే సెట్టింగులు. మొదట రెండిటికీ 15 వాట్లు. స్క్రీన్ మూలన వచ్చే అంకెల మీద కాగితం ముక్కలు అంటించాం. మా ఆవిణ్ణి పిలిచి, “ఇందులో కొత్తది ఏది?” అని అడిగా. చేతులు తుడుచుకుంటూ రెండిట్లోనూ గుర్రాన్ని అటూ ఇటూ తిప్పింది. “ఇది” అని నాదే చూపించింది. ఎందుకంటే బ్రైట్‌నెస్ నాది ఎక్కువ పెట్టి ఉంది. బ్రైట్‌నెస్ సమానం చేసి మళ్లీ అడిగితే “రెండూ ఒకటే, అన్నం చల్లారుతోంది” అంది.

తర్వాత రెండిటికీ ఛార్జర్ పెట్టి 30 వాట్లకి పెంచాం. ఈసారి అడగ్గానే చెప్పింది. సంతలో జనం మధ్యలోంచి పోతుంటే నాది తడబడుతోంది, మేనల్లుడిది సాఫీగా పోతోంది. కాబట్టి తేడా ఉంది, కాదనడానికి లేదు. అయితే ఆ తేడా గోడ ప్లగ్గు దగ్గరుంది, ఖమ్మం బస్సులో కాదు.

ఫ్రేములెన్ని అని అడగొద్దు. మా హాల్లో ఏసీ ఉంది, మీ ఇంట్లో ఫ్యానుంటుంది, అంకెలు మారిపోతాయి. డెక్ 0 నుంచి 35 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుందని వాల్వ్ 2022 ఎండల్లోనే చెప్పింది. రామగుండంలో మే నెలలో 35 అంటే చల్లగా ఉందని అర్థం.

రాత్రిషిఫ్ట్ · రాత్రి 10:15

మేస్త్రి అన్నా, ఒప్పుకుంటున్నారుగా! నేను ఆడేది ఇంట్లో, టీవీకి తగిలించి, ఛార్జర్ పెట్టి. నాలాంటోడికి కొత్త చిప్పే మెరుగు. 24 జీబీ కూడా లెక్కే, 16లో గ్రాఫిక్స్‌కి వాటా తీశాక విండోస్‌కీ ఆటకీ ఇరుకే. రే ట్రేసింగ్ (వెలుగునీడల్ని నిజంలా లెక్కగట్టే పద్ధతి) తప్పనిసరి చేసిన ఆటలు వస్తున్నాయి, వాటి ముందు డెక్ ఎగశ్వాస తీస్తుంది. బస్సువాడి బాధని అందరి మీదా రుద్దొద్దు.

అలాగే వాలొరాంట్ లాంటి ఆన్‌లైన్ షూటింగ్ ఆటలు డెక్‌లో విండోస్ బదులు ఉండే స్టీమ్‌ఓఎస్‌లో నడవవు, దాని యాంటీ-చీట్‌కి విండోస్ కావాల్సిందే. పవర్ బటన్ గొప్పదే బావా, కానీ నా ఫ్రెండ్సంతా అక్కడ లేరు.

డల్లాస్‌బావ · రాత్రి 10:40

న్యాయమే. నీకు విండోస్ కావాలి, తీసుకో. ఖమ్మం తమ్ముడు ఆ ఆటలు ఆడడన్నాడు కాబట్టి చెప్తున్నా: 2025 మేలో స్టీమ్‌ఓఎస్ 3.7తో ఏఎండీ చిప్పులున్న వేరే కంపెనీల హ్యాండ్‌హెల్డ్‌లకి కూడా దారి తెరిచారు. లెనోవో వాళ్ల లీజన్ గో ఎస్‌ని విండోస్‌తోనూ, స్టీమ్‌ఓఎస్‌తోనూ అమ్మారు. ఒకే ఒళ్లు, రెండు ప్రాణాలు. పక్కపక్కన పెట్టి పరీక్షించినవాళ్లలో చాలామందికి స్టీమ్‌ఓఎస్‌దే పైచేయి అయింది. పైసా ఖర్చు లేదు, ఒక పెన్‌డ్రైవ్ చాలు. ముందు బ్యాకప్ తీసుకో.

విండోస్ వాళ్లు కూడా ఊరుకోలేదు. ఎక్స్‌బాక్స్ ఆలైతో ఫుల్ స్క్రీన్ పద్ధతి తెచ్చారు, డెస్క్‌టాప్ లోడ్ కాకుండా నేరుగా ఆటల పేజీలోకి పోతుంది. తర్వాత దాన్ని మిగతా హ్యాండ్‌హెల్డ్‌లకీ ఇచ్చారు. లక్ష పెట్టి కొన్నవాళ్లకి వచ్చిన మంచిలో కొంత నీకు ఊరికే వచ్చింది.

పాతసామాను · సోమవారం ఉదయం 6:05

నా పామ్‌లో తెలుగు రాదు. బియ్యం, కందిపప్పు, పాలవాడి లెక్క అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాణ్ణి. మా ఆవిడ చదవలేకపోయేది. ఇప్పుడు ఇదంతా ఫోన్‌లో నోటితో చెప్తుంటే అదే తెలుగులో రాసుకుంటోంది, మధ్యమధ్య తప్పులతో. ‘సామర్లకోట’ని ఒకసారి ‘సామాన్ల కోట’ అని రాసింది. అంతకంటే పెద్ద మెరుగు నా జన్మలో చూడలేదు. మీ ఫ్రేముల గొడవ మీరు కానివ్వండి.

వాట్లమేస్త్రి · ఉదయం 7:20

ఖమ్మం తమ్ముడికి చివరి లెక్క, తర్వాత డ్యూటీకి పోవాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్-అవర్లు. దారిలో కొంత వేడిగా పోతుంది, 60 దాకా అందుతుంది. నీ 40తో కలిపితే 100. లక్ష పెట్టి కొనే యంత్రంలో ఉన్నది 80! పవర్ బ్యాంకు మీద 65 వాట్ల పీడీ అని ఉండేది చూసుకో, ఫోన్లకి వాడేది సరిపోదు. ఒడిలో ఇంకో అరకిలో బరువు, ఒక వైరు, ఆ ఇబ్బంది ఉంది.

ఇంకొకటి, ఫ్రేములని 40 దగ్గర కట్టేయ్. 60 అయితే ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 30 అయితే 33.3. ఈ రెండిటికీ సరిగ్గా మధ్యలో 25, అంటే 40 ఫ్రేములు. నీ స్క్రీన్ 120 హెర్ట్జ్ అయితే 40 దాంట్లో మూడుసార్లు నిండుగా ఇమిడిపోతుంది, జర్కులు రావు. కంటికి 60కి దగ్గరగా ఉంటుంది, బ్యాటరీకి 30కి దగ్గరగా ఉంటుంది.

ఖమ్మంబస్సు · తర్వాతి ఆదివారం రాత్రి 11:15

అందరికీ థ్యాంక్స్. చేసింది చెప్తా.

బుధవారం రాత్రి స్టీమ్‌ఓఎస్ ఎక్కించా. మొదటిసారి పెన్‌డ్రైవ్ బూట్ కాలేదు, సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాలని తెలిసేసరికి రెండయింది. గురువారం ఆఫీసులో కళ్లు మూతలు పడ్డాయి. పవర్ బ్యాంకు కొన్నా. శుక్రవారం సాయంత్రం బస్సులో 10 వాట్లు, 40 ఫ్రేములు పెట్టి ఎల్బీ నగర్‌లో మొదలెట్టా. నకిరేకల్‌లో ఆగితే టీ తాగడానికి దిగా, పవర్ బటన్ నొక్కి జేబులో... జేబులో పట్టదు, సీటు మీద టవల్ కింద పెట్టి. తిరిగొచ్చి నొక్కితే గుర్రం ఎక్కడ ఆపానో అక్కడే ఉంది. డల్లాస్ బావకి దండం.

సూర్యాపేటలో పవర్ బ్యాంకు తగిలించా. అది అరగంటలో ఇడ్లీ కుక్కర్‌లా వేడెక్కింది. మధ్యలో వైరు ఒకసారి ఊడి పక్కాయన చెప్పు మీద పడింది. కూసుమంచి దాటాక కూడా యంత్రంలో 31 శాతం ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఆడా, డిపోడైరీ అమ్మా.

పక్కాయన చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. “ఎంత పడింది బాబూ?” అన్నాడు. వైరు 300 అన్నా. “అది కాదు, ఆ ఫోను” అన్నాడు. పాతది అని చెప్పి ఊరుకున్నా.

బోనస్ ఇంకా అకౌంట్‌లోనే ఉంది. నాన్న నిన్న నన్ను అడగకుండానే ముదిగొండలో బర్రెని చూసొచ్చాడు.

రాత్రిషిఫ్ట్ · రాత్రి 11:19

ఎన్ని లీటర్లు ఇస్తదంట?